అరచేతుల చెమట కేసు: నేను సరిగ్గా అడగని ఒక ప్రశ్న

ఎనిమిది నెలలుగా చూస్తున్న కేసు ఇది. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను, వైద్యం మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను, నేను పొరబడిన చోట్లతో సహా.

23 ఏళ్ల అబ్బాయి. మొబైల్ ఫోన్లు రిపేరు చేస్తాడు. స్క్రీన్లు, బ్యాటరీలు మార్చే పని కాదు, ఫోన్‌ను మైక్రోస్కోప్ కింద పెట్టి మదర్‌బోర్డు మీద ఆవగింజంత చిప్పుల్ని ట్వీజర్‌తో ఊడదీసి మళ్లీ అతికించే పని. గదిలోకి వచ్చి కూర్చుని రెండు చేతులూ తొడల మీద పెట్టుకున్నాడు. కాసేపటికి చేతులు తీస్తే ప్యాంటు మీద రెండు అరచేతుల గుర్తులు తడిగా, వేళ్లతో సహా, అచ్చు వేసినట్టు కనిపించాయి. అతను అది చూసి వెంటనే ఫైలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎన్నాళ్లుగానో అలవాటైన కదలిక అది, చూడగానే తెలిసిపోతుంది.

"చెమటలో ఉప్పు ఉంటుంది కదా మేడమ్, బోర్డు మీద పడితే తుప్పు పట్టేస్తుంది. ఈ మధ్య మూడు ఫోన్లు నా చేతి చెమటకే పాడై తిరిగొచ్చాయి" అన్నాడు. గ్లవ్స్ వేసుకుని చూడలేదా అంటే, వేసుకుంటే అరగంటలో వేళ్ల కొసల్లో నీళ్లు చేరి చప్పుడు వస్తోందన్నాడు. హాజరు వేయడానికి వేలిముద్ర మిషన్ ఉంటే, చొక్కాకు నాలుగుసార్లు తుడుచుకున్నా అది తీసుకోదట. తన సొంత ఫోన్ కూడా అంకెలు నొక్కి తెరుచుకోవాల్సిందే.

పదమూడేళ్ల వయసులో మొదలైంది. రెండు చేతులకూ, రెండు అరికాళ్లకూ సమానంగా ఉంది. రోజూ ఉంటుంది. ఎండాకాలం కొంచెం ఎక్కువే కానీ చలికాలం తగ్గిందేమీ లేదు. ఎవరైనా పక్కన నిలబడి పని చూస్తుంటే మాత్రం ఇక ఆగదు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అంటే లేదన్నాడు. ఏమైనా మందులు వాడుతున్నారా అంటే లేదన్నాడు. రాత్రి నిద్రలో చేతులకు చెమట పడుతుందా అంటే లేదన్నాడు. ఈ మూడు "లేదు"ల్లో ఒకటి అబద్ధం, ఒకటి అతనికే తెలియని సంగతి, ఒకటి నేను ప్రశ్న తప్పుగా వేసినందుకు వచ్చిన జవాబు. అప్పటికి నాకు ఆ సంగతి తెలియదు.

ప్రైమరీ హైపర్‌హైడ్రోసిస్, అంటే వేరే జబ్బేదీ లేకుండా దానంతట అదే వచ్చే అతిచెమట అని చెప్పడానికి మేం చూసేవి ఇవే. కనీసం 6 నెలలుగా ఒకటి రెండు చోట్ల కంటికి కనిపించేంత చెమట ఉండాలి. దానికి తోడు రెండు పక్కలా సమానంగా ఉండటం, 25 ఏళ్లలోపు మొదలవడం, వారానికి ఒకసారైనా రావడం, రోజువారీ పనులకు అడ్డు పడటం, ఇంట్లో ఇంకొకరికి ఉండటం, నిద్రలో ఆగిపోవడం, వీటిలో కనీసం రెండు ఉండాలి. ఇతనికి మొదటి రోజే నాలుగైదు సరిపోయాయి.

చెయ్యి పట్టుకుని చూశాను. చల్లగా, తడిగా ఉంది. థైరాయిడ్ ఎక్కువైన వాళ్ల చెయ్యి కూడా తడిగానే ఉంటుంది కానీ వెచ్చగా ఉంటుంది. వేళ్లు చాపమంటే వణుకు లేదు, నాడి మామూలుగా ఉంది, మెడలో వాపు లేదు. టిష్యూతో అరచెయ్యి బాగా తుడిచి, చర్మాన్ని పెద్దది చేసి చూపే డెర్మటోస్కోప్ కింద పెట్టాను. చేతి గీతల మధ్య గట్లు ఉంటాయి కదా, వాటి మీద వరుసగా చెమట రంధ్రాలుంటాయి. ఒక్కో రంధ్రం నోట్లోంచి సూదిమొనంత చుక్క పైకి లేచి, పక్కదానితో కలిసి, పది పదిహేను సెకన్లలో గట్టు మొత్తం మెరిసిపోయింది. అతన్నీ చూడమన్నాను. రోజూ మైక్రోస్కోప్ చూసేవాడే కాబట్టి శ్రద్ధగా చూసి, "ఇన్ని ఉన్నాయా, అందుకే ఇంత కారుతోంది" అన్నాడు.

నిజానికి రంధ్రాలు అతనికేం ఎక్కువ లేవు. మనిషి ఒంట్లో 20 నుంచి 40 లక్షల చెమట గ్రంథులుంటాయి, అరచేతుల్లో, అరికాళ్లలో దట్టంగా ఉంటాయి. ఈ సమస్య ఉన్నవాళ్లకు గ్రంథుల లెక్కా మామూలే, సైజూ మామూలే. వాటికి పైనుంచి వచ్చే ఆజ్ఞే ఎక్కువ. ఒంటి మీది గ్రంథులు ముఖ్యంగా వేడికి పనిచేస్తే, అరచేతులవీ అరికాళ్లవీ మనసు కదలికకు పనిచేస్తాయి. అందుకే టెన్షన్ పడితే ముందు చేతులు తడుస్తాయి, చేతులు తడిశాయని ఇంకాస్త టెన్షన్, దాంతో ఇంకాస్త చెమట. "నువ్వు భయస్తుడివి, అందుకే ఇలా" అని ఇతనికి చిన్నప్పటి నుంచీ చెప్పినవాళ్లందరూ ఆ చక్రాన్ని సగం నుంచి చూసినవాళ్లే.

తీవ్రత ఎంతో తెలుసుకోవడానికి ఒకటి నుంచి నాలుగు దాకా ఒక చిన్న స్కేలు వాడతాం. చెమట గమనింపులోకే రాదు, పనికి అడ్డు రాదు అంటే 1, భరించలేనంతగా ఉంది, ఎప్పుడూ పనికి అడ్డమే అంటే 4. ఇతను ఆలోచించకుండా 4 అన్నాడు.

షూ విప్పమంటే విప్పనన్నాడు. వాసన వస్తుందన్నాడు. నచ్చజెప్పి విప్పిస్తే మడమల మీదా ముందరి పాదం మీదా చర్మం తెల్లగా నానిపోయి, సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు ఉన్నాయి. పిటెడ్ కెరటోలైసిస్ అంటారు, తడిలో పెరిగే బ్యాక్టీరియా పై చర్మాన్ని కొరికేస్తే వచ్చే గుంటలవి, ఆ వాసన కూడా వాటిదే. అతను పదేళ్లుగా తన కాళ్లే అంత అనుకుంటున్నాడు. క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ జెల్ రాయించి, ఒకే షూ వరుసగా రెండు రోజులు వేయొద్దని, సాక్సు మధ్యాహ్నం ఒకసారి మార్చమని చెప్పాను. మూడు వారాల్లో వాసన పోయింది. ఈ కేసు మొత్తంలో తేలిగ్గా అయిపోయిన పని అదొక్కటే.

చేతులకు 20 శాతం అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం రాసిచ్చాను. "రాత్రి పూట రాసుకోండి" అని చెప్పాను. అంతే చెప్పాను. బయట పేషెంట్లు ఎక్కువగా ఉన్న రోజు.

మూడు వారాల తర్వాత చేతులు ఎర్రగా, మంటలతో వచ్చాడు. చెమట ఏమాత్రం తగ్గలేదు. ఎలా వాడారో చేసి చూపించమన్నాను. సబ్బుతో చేతులు కడుక్కుని, తడి ఆరీ ఆరకుండానే మందు రాసుకుని, ఆ తర్వాత పడుకుని గంటసేపు ఫోన్‌లో గేమ్ ఆడుతున్నాడు. గేమ్ ఆడుతున్నంతసేపూ చేతులకు చెమటే. పైగా మంట పుడుతోంది కాబట్టి మందు పనిచేస్తోందనుకుని పొద్దున కూడా ఒకసారి రాస్తున్నాడు.

తప్పు అతనిది కాదు. ఈ మందు చెమట నాళం నోట్లో చేరి అక్కడి పదార్థంతో కలిసి ఒక బిరడాలా గట్టిపడుతుంది. అది గట్టిపడాలంటే నాళంలో నీరు పారకూడదు. పారే కాలువకు అడ్డుకట్ట వేయబోతే మట్టి కొట్టుకుపోయినట్టే ఇదీను. పైగా అల్యూమినియం క్లోరైడ్ నీటితో కలిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది, మంట దానిదే. కాబట్టి చర్మం పూర్తిగా పొడిగా ఉండాలి, నిద్ర ముంచుకొస్తుండగా రాయాలి, పొద్దున లేవగానే కడిగేయాలి. కడిగి వెంటనే రాయకూడదు, కావాలంటే ఫ్యాన్ కిందో చల్లగాలి డ్రయ్యర్‌తోనో బాగా ఆరబెట్టుకోవాలి. మొదట్లో రోజూ, పట్టు చిక్కాక వారానికి ఒకటి రెండుసార్లు చాలు, ఎందుకంటే చర్మం పై పొర రాలిపోయేటప్పుడు బిరడా కూడా దాంతోపాటే పోతుంది. చంకల్లో రాసేవాళ్లైతే షేవ్ చేసిన ఒకటి రెండు రోజుల దాకా ముట్టుకోకూడదు. ఇదంతా మొదటి రోజు చెప్పడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. నేను చెప్పలేదు, అతని చేతులు మూడు వారాలు మండాయి.

నాలుగు రోజులు ఒక శాతం హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ క్రీముతో మంట తగ్గించి, మళ్లీ మొదటి నుంచి పెట్టించాను. నెల తర్వాత 4 కాస్తా 3 అయింది. అరచేతుల్లో చర్మం మందం, ఈ మందు చంకల్లో పనిచేసినంత బాగా అక్కడ చేయదు, అది ముందే తెలిసిందే. కానీ ఈసారి అక్క కూడా వెంట వచ్చింది, కేసు అక్కడ మలుపు తిరిగింది.

ఆవిడ ఫైలు నా చేతికిచ్చింది. అట్ట మీద నాలుగు వేళ్ల తడి. "మీకూ ఉందా?" అన్నాను. "నాకా? నాది మామూలేనండీ, చిన్నప్పటి నుంచీ అంతే, నేను ఎప్పుడూ పట్టించుకోలేదు" అంది. తమ్ముడు ఆశ్చర్యంగా చూశాడు. ఒకే ఇంట్లో పెరిగి కూడా ఎవరి చెయ్యి వాళ్లు దాచుకున్నారు. కుటుంబంలో ఎవరికైనా ఉందా అన్న ప్రశ్నకు పేషెంటు ఇచ్చే జవాబును నేను అప్పటి నుంచి సగమే నమ్ముతున్నాను.

తర్వాత ఆవిడే అంది, "చేతుల సంగతి సరే మేడమ్, వీడి దిండు గలీబు రోజూ పిండితే నీళ్లు కారేలా ఉంటోంది, ఈ మధ్య మరీను."

నేను పెన్ను పక్కన పెట్టాను. మొదటి రోజు నేను అడిగింది "నిద్రలో చేతులకు చెమట పడుతుందా" అని. చేతులకు పట్టదు, అతను నిజమే చెప్పాడు. మెడకూ వీపుకూ పడుతోంది. నేను అడగలేదు కాబట్టి అతను చెప్పలేదు. ప్రైమరీ అతిచెమట నిద్రలో ఆగిపోతుంది. నిద్రలో ఒళ్లంతా తడుస్తోందంటే వేరే కారణం వెతకాల్సిందే. టీబీ, లింఫోమా అనే లింఫ్ గ్రంథుల క్యాన్సర్, థైరాయిడ్, షుగర్ పడిపోవడం, అరుదుగా ఫియోక్రోమోసైటోమా అనే అడ్రినల్ గడ్డ, ఇవన్నీ రాత్రిచెమటతో మొదలవగలవు. జ్వరం, బరువు తగ్గడం, గడ్డలు, దగ్గు ఉన్నాయా అని అడిగాను, లేవు. మెడలో, చంకల్లో, గజ్జల్లో లింఫ్ గ్రంథులు తడిమి చూశాను, ఏమీ తగల్లేదు. రక్తపరీక్ష, ఒంట్లో వాపును పసిగట్టే ఈఎస్‌ఆర్, షుగర్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, ఛాతీ ఎక్స్‌రే రాశాను. అన్నీ మామూలుగా వచ్చాయి.

రిపోర్టులు చూపించడానికి ఒక్కడే వచ్చాడు. ఈసారి "మందులు వాడుతున్నారా" అని అడగలేదు. "నిద్రకీ, టెన్షన్‌కీ, కడుపుకీ, నొప్పికీ, ఎవరైనా ఎప్పుడైనా ఇచ్చిన మాత్ర ఏదైనా ఇప్పటికీ వేసుకుంటున్నారా" అని అడిగాను. కాసేపు ఊరుకుని, ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు, ఐదు నెలలుగా అన్నాడు. ఆందోళనకూ డిప్రెషన్‌కూ ఇచ్చే మాత్ర అది. చేతి చెమట ఆందోళన వల్లే అని ఒక డాక్టరు చెబితే మొదలుపెట్టాడట. "అది చెమట మందు కాదు కదా అని చెప్పలేదు" అన్నాడు, తర్వాత "అక్కకు తెలియదు" అన్నాడు.

ఎస్సిటలోప్రామ్ లాంటి మందులు వాడేవాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరికి చెమట పెరుగుతుంది. ఎక్కువగా తల, మెడ, వీపు, అదీ రాత్రిపూట. ఈ మందులు పెంచే సెరటోనిన్ అనే రసాయనం ప్రభావం ఒంటి వేడిని చూసుకునే మెదడు భాగం మీద ఉంటుంది, అందువల్ల. అంటే ఇతనిలో రెండు చెమటలున్నాయి, పదేళ్ల పాతది ఒకటి, పాతదాన్ని తగ్గించబోయి తెచ్చుకున్న కొత్తది ఒకటి. ఆ మందు చెడ్డదని నేను అనను, అవసరమైనవాళ్లకు అది చాలా మంచి మందు. దాన్ని ఉన్నపళంగా మానేస్తే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం లాంటి ఇబ్బందులొస్తాయి కాబట్టి ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి, సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను. ఆయన చూసి, ఇతనిది ఆందోళన జబ్బు అనేంత కాదని, జనం ముందు చేతులు బయటపెట్టడానికి పుట్టిన భయమని తేల్చి, కొన్ని వారాల మీద మోతాదు తగ్గిస్తూ ఆపించి, ఆలోచననూ అలవాటునూ మాటలతో మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ మొదలుపెట్టించారు. మాత్ర ఆగిన మూడో వారానికి దిండు గలీబు పొడిగా ఉంటోందని అక్క చెప్పింది. మాత్ర విషయం అక్కకు అతనే చెప్పుకున్నాడు.

ఇక మిగిలింది చేతులు. అక్కడి నుంచి ప్రతి వైద్యాన్నీ అతని పనితో సరిచూసుకోవాల్సి వచ్చింది.

బోటులినమ్ టాక్సిన్, అంటే బొటాక్స్ ఇంజెక్షన్ గురించి అతనే అడిగాడు. మంచి మందే, అమెరికాలో మందులకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2004లో చంకల చెమటకు అనుమతి ఇచ్చింది, ఒకసారి చేస్తే ఆరేడు నెలలు నిలుస్తుంది. అరచేతుల్లో కూడా చేస్తాం. కానీ చెయ్యంతా పదుల కొద్దీ పోట్లు, నరానికి మత్తు ఇవ్వకపోతే భరించడం కష్టం, పైగా బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టే బలం కొన్ని వారాలపాటు తగ్గొచ్చు. ట్వీజర్ పట్టుకుని బతికేవాడికి ఆ పట్టే కదా అంతా. వద్దనుకున్నాం.

గ్లైకోపైరోలేట్ మాత్ర 1 మిల్లీగ్రాము, రోజుకు రెండుసార్లు, ఖాళీ కడుపున మొదలుపెట్టాం. చెమట గ్రంథికి నరం చివర ఆజ్ఞ అందించే రసాయనం అసిటైల్‌కోలిన్, ఈ మాత్ర దాన్ని అడ్డుకుంటుంది. కంటిలో ఒత్తిడి పెరిగే గ్లకోమా గానీ, మూత్రం ఆగిపోయే ఇబ్బంది గానీ, కండరాలు బలహీనపడే మయస్తీనియా గానీ ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు, ఇతనికి అవేవీ లేవు. చెమట వారంలోనే బాగా తగ్గింది, నోరు ఎండిపోతోందన్నాడు, నీళ్లు తాగుతూ నెట్టుకొచ్చాడు. పదో రోజు ఫోన్ చేశాడు. "మేడమ్, చేతులు పొడిగానే ఉన్నాయి, కానీ మైక్రోస్కోప్ కింద పక్కపక్క పిన్నులు రెండూ కలిసిపోయి కనిపిస్తున్నాయి." దగ్గరి చూపును సర్దుకునే కంటి కండరం కూడా అసిటైల్‌కోలిన్‌తోనే పనిచేస్తుంది. గుమాస్తాకో డ్రైవర్‌కో ఈ మసక తెలిసేదే కాదేమో, ఇతనికి మాత్రం పని ఆగిపోయింది. మాత్ర ఆపేశాం. పని లేని రోజు ఎవరి ఇంటికైనా, ఏదైనా వేడుకకైనా వెళ్లాల్సి వస్తే గంట ముందు ఒకటి వేసుకుంటాడు, అంతే. ఆ మాత్ర వేసుకున్న రోజు ఎండలో తిరగొద్దని చెప్పాను, చెమట ఆగితే ఒంటి వేడి బయటకు పోయే దారి కూడా ఆగుతుంది.

ఈ దశలో అతను విసిగిపోయి సర్జరీ చేయించుకుంటానన్నాడు. ఛాతీలోకి చిన్న కెమెరా పంపి, చేతులకు చెమట ఆజ్ఞ మోసుకెళ్లే సింపథెటిక్ నరాన్ని కత్తిరించడమో క్లిప్పు వేయడమో చేసే ఆపరేషన్ అది. చేతులు ఆపరేషన్ బల్ల మీదే పొడిబారిపోతాయి, అందులో అతిశయోక్తి లేదు. అయితే చాలామందికి ఆ తర్వాత వీపు, పొట్ట, తొడల మీద ఇదివరకు లేని చెమట మొదలవుతుంది. కొందరికి అది చొక్కా తడిసి పిండుకునేంత, వాళ్లు చేతి చెమటే నయమనుకుంటారు. క్లిప్పు తీసేస్తే అంతా సర్దుకుంటుందని నమ్మకంగా చెప్పలేం. "వీపు తడిసినా ఫోన్‌కేం కాదు కదా మేడమ్" అన్నాడు. తర్కం బాగానే ఉంది, కాదనలేకపోయాను. ఆరు వారాలు ఇంకొకటి చేసి చూద్దాం, అప్పటికీ కాకపోతే సర్జన్‌కు నేనే రాసిస్తానన్నాను.

ఆ ఇంకొకటి అయాంటోఫోరెసిస్. అసలు దీంతోనే మొదలుపెట్టి ఉండాల్సిందేమో అని ఇప్పుడనిపిస్తుంది, కానీ వారానికి మూడు రోజులు రావాలంటే చాలామంది మొదటి వారంలోనే మానేస్తారు, అందుకే నేను వెనక్కి నెడుతుంటాను. రెండు లోతు తక్కువ ట్రేలలో కుళాయి నీళ్లు, ఒక్కోదాంట్లో ఒక్కో చెయ్యి, నీటిలోంచి 15 నుంచి 20 మిల్లీ యాంప్స్ కరెంటు, 20 నిమిషాలు. సగంలో కరెంటు దిశ మారుస్తాం. ఇది ఎలా పనిచేస్తుందన్నది ఇప్పటికీ గట్టిగా తేలని విషయం, పనిచేస్తుందన్నది మాత్రం తేలింది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు, గర్భిణులకు, మూర్ఛ ఉన్నవాళ్లకు, కరెంటు పారే దారిలో లోహపు ప్లేట్లు ఉన్నవాళ్లకు చేయకూడదు.

ఉంగరం తీయించి, సోల్డరింగ్ ఐరన్ కాల్చిన చిన్న చిన్న మచ్చల మీదా గీతల మీదా వాజిలిన్ రాశాం, లేకపోతే కరెంటంతా ఆ గాటు దగ్గరే చేరి చురుక్కుమంటుంది. చీమలు పాకినట్టుందన్నాడు. మిషన్ నడుస్తుండగా చెయ్యి బయటకు తీయొద్దని చెప్పినా రెండో సిట్టింగ్‌లో ఫోన్ మోగితే తీసేశాడు, షాక్ కొట్టినట్టు ఎగిరిపడ్డాడు, ప్రమాదమేమీ లేదు, మళ్లీ ఆ పని చేయలేదు. ఐదు సిట్టింగుల దాకా ఏ తేడా లేదు. ఆరోది అయ్యాక ఎడమ చెయ్యి పొడిబారింది, కుడి చెయ్యికి ఇంకో వారం పట్టింది. పదో సిట్టింగ్‌కు స్కేలు మీద 2 అన్నాడు. కరెంటు సర్క్యూట్లు తెలిసినవాడు కాబట్టి ఇలాంటి మిషన్ తనే తయారుచేసుకుంటానన్నాడు. వద్దని చాలాసేపు చెప్పాల్సి వచ్చింది. ఇంట్లో వాడటానికి తయారుగా దొరికేది తీసుకుని, నా ఎదుట రెండుసార్లు వాడి చూపించాకే ఇంటికి పట్టుకెళ్లాడు.

మధ్యలో పని ఒత్తిడి అని మూడు వారాలు మానేశాడు, చెమట మొత్తం తిరిగొచ్చింది. ఇది పూర్తిగా పోయే సమస్య కాదు, పళ్లు తోముకున్నట్టు చేస్తూ ఉండాల్సిందేనని ఆ మాట ముందే చెప్పాను, అనుభవమయ్యాక మాత్రం నేను చెప్పకుండానే చేస్తున్నాడు. ఇప్పుడు వారానికి ఒక సిట్టింగ్, వారానికి ఒక రాత్రి అల్యూమినియం క్లోరైడ్. స్కేలు 2 దగ్గర నిలిచింది. సర్జరీ మాట మళ్లీ ఎత్తలేదు. పోయిన నెల వచ్చినప్పుడు వేలిముద్ర మిషన్ సంగతి అడిగితే, పొద్దున తీసుకుంటోంది, సాయంత్రం ఒక్కోసారి మొరాయిస్తోంది అన్నాడు.

అక్క కూడా చూపించుకుంటానంది. రెండుసార్లు డేటు తీసుకుంది, ఇంకా రాలేదు.